చేపల తొట్టె, కూరల మడి: చలిదేశపు పద్ధతి కోనసీమకు తగునా?

విదేశములలో ఉద్యోగములు చేయుచున్న మన బిడ్డల ద్వారాను, ఫోనులలో చూచు బొమ్మల ద్వారాను అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములకు ఒక కొత్త మాట వచ్చినది. ఆ మాట అక్వాపోనిక్సు. ఒక తొట్టెలో చేపలు పెంచి, ఆ నీటిని కంకర పోసిన మడికి పారించి, అందులో కూరలు పండించి, అదే నీటిని తిరిగి తొట్టెలోనికి దింపు పద్ధతి ఇది. పేరులో అక్వా ఉన్నది కదా అని దీనిని రొయ్యల చెరువుతో పోల్చరాదు. ఇది ఇంటి పెరటిలో, వంటయింటి కొరకు చేసికొను చిన్న పని.

మట్టి అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, కలుపు బాధ లేదు అని ఈ పద్ధతిని మెచ్చుకొనువారు చెప్పుదురు. అందులో చాలవరకు నిజమే. కాని మన చేతికి వచ్చు సలహాలలో అధిక భాగము మంచు పడు దేశములవారు తమ ఇండ్ల కొరకు తయారు చేసికొన్నవి. వానిని ఉన్నవి ఉన్నట్లు అనుసరించిన యెడల మన తొట్టె రోహిణి కార్తె దాటదు. పద్ధతిని విడువవలసిన పని లేదు. మన ఎండకు, మన నీటికి, మన కరెంటుకు తగినట్లు మార్చుకొని, మన కార్తెల ప్రకారము నడిపినవారికే అది ఫలించునని నా అభిప్రాయము.

ఇందులోని కిటుకు

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమైన పిదప మిగిలిన నత్రజని, అమోనియా రూపమున, ముఖ్యముగా మొప్పల ద్వారా నీటిలోనికి వచ్చును. అమోనియా చేపకు విషము. కంకర రాళ్లను అంటుకొని బ్రతుకు సూక్ష్మజీవులలో ఒక రకము దానిని నైట్రైటుగా మార్చును. మరియొక రకము నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ చేపకు హాని చేయును. నైట్రేటు మాత్రము మొక్కకు ఆహారము. మనము చేనిలో చల్లు యూరియా సైతము నేలలో మొదట అమోనియాగా, పిదప ఇదే దారిన నైట్రేటుగా మారుచున్నది. కనుక ఇందులో మాయ లేదు. రైతు ఎరిగిన సంగతియే తొట్టెలో జరుగుచున్నది.

చేపను, పైరును కలిపి పెంచుట ఆసియా దేశములకు కొత్త కాదు. చైనాలోని చింగ్‌టియన్ ప్రాంతపు రైతులు వరిచేలలో తరతరాలుగా చేపలు పెంచుచున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2005లో ఆ పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. మన దేశములోనే కలకత్తా తూర్పున ఉన్న చెరువులలో నగరపు మురుగునీటితో చేపలను పెంచి, ఆ ప్రక్కనే కూరగాయలు పండించుచున్నారు.

తొట్టె పెట్టినవాడు చేపను, మొక్కను మాత్రమే పెంచుచున్నానని అనుకొనును. పెంచవలసిన మూడవ ప్రాణి కంటికి కనిపించని ఆ సూక్ష్మజీవి. అది కంకరలో నెలకొనుటకు 4 నుండి 6 వారములు పట్టును. తొట్టె కట్టిన మరునాడే చేప పిల్లలను వదలినవారు అవి చచ్చిన పిదప నీటిని, పిల్లలను అమ్మినవానిని నిందించుదురు. నిజమునకు అక్కడ లోపించినది ఓపిక.

చలిదేశమువారు చేసినది

1969లో ఏర్పడిన న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు కేప్ కాడ్ సముద్రతీరమున పని చేసినది. అక్కడ శీతకాలములో నీరు గడ్డకట్టును. అందుచేత ఆ సంస్థవారు గాజు కప్పు గల ఇండ్లు కట్టి, వెలుతురు చొరబడు పెద్ద ఫైబరు గ్లాసు తొట్టెలలో చేపలను పెంచిరి. పగటి ఎండను ఆ నీరు దాచుకొని రాత్రివేళ మొక్కలకు వెచ్చదనము ఇచ్చెడిది. ఇదే ఆలోచనతో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో కట్టిన ఆర్క్ అను భవనమును 1976లో ఆ దేశ ప్రధాని ట్రూడో ప్రారంభించిరి. చలిదేశపు పుస్తకములలో నేటికిని కనిపించు గాజుఇల్లు, నీటిని వేడిచేయు హీటరు, తొట్టె చుట్టు చలి కాచు దళసరి పొర అన్నియు ఆ అవసరము నుండి పుట్టినవే.

అదే కాలములో మరియొక దారి కూడ ఏర్పడినది. కరీబియను సముద్రములోని వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయములో జేమ్స్ రాకోసీ అను శాస్త్రజ్ఞుడు 1980 ప్రాంతము నుండి ఈ పద్ధతిపై పరిశోధన చేసెను. ఆ దీవి వెచ్చనిది, మంచినీటి కొరత గలది. అక్కడ గాజుఇల్లు లేదు, హీటరు లేదు. ఆరుబయట తొట్టెలు ఉంచి, వాననీరు పట్టి నింపుకొనిరి. చుట్టును ఉప్పునీరు, పైన ఎండ, మంచినీటికి కరవు గల ఆ దీవి మన సముద్రతీర గ్రామములకు దగ్గరి చుట్టము. కోనసీమవారు నేర్చుకొనదలచిన యెడల కేప్ కాడ్ కంటె ఆ దీవిని చూచుట మేలు.

చలి పాఠములు మనలో ఎవరికిని పనికిరావని చెప్పుట లేదు. మన రాష్ట్రములోనే చింతపల్లి మండలములోని లంబసింగి వంటి కొండ ఊళ్లలో శీతకాలపు తెల్లవారుజామున చలి సున్న డిగ్రీల దగ్గరకు దిగిన సంవత్సరములు ఉన్నవి. అక్కడివారు తొట్టెను నేలలో పాతవలెను. రాత్రి మూత వేయవలెను. చలికి తట్టుకొను బంగారుతీగ చేపను ఎన్నుకొనవలెను. నీరు బాగుగ చల్లబడిన దినములలో మేత తగ్గించవలెను. ఏలననగా చలిలో సూక్ష్మజీవుల పని మందగించును, చేప మేత అరగించుకొనలేదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో ఆపతానీ రైతులు ఎత్తయిన చల్లని వరిమళ్లలో పెంచునది కూడ ఈ బంగారుతీగనే.

కోనసీమ శత్రువులు మూడు

మన పెరటిలో చలి శత్రువు కాదు. మనకు మొదటి శత్రువు వేడి. 20 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. నీరు వేడెక్కిన కొలది చేప ఎక్కువ ప్రాణవాయువు కోరును, అమోనియా విషము కూడ పెరుగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటిది మే నెల తొట్టె.

రెండవ శత్రువు కరెంటు పోవుట. చల్లని నీటిలోని చేపకు మోటారు ఆగినను కొంత వ్యవధి ఉండును. వేసవి రాత్రి మన తొట్టెలో, చేపలు కిక్కిరిసి ఉన్న యెడల, ఆ వ్యవధి చాల తక్కువ. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలిన సంగతి, ఆ పిదప ఊళ్లు చీకటిలో గడిపిన సంగతి పెద్దలు మరచిపోలేదు. కరెంటు మీదనే ప్రాణము పెట్టుకొన్న పద్ధతి తుపానుల నేలకు తగదు.

మూడవ శత్రువు ఉప్పు. సముద్రమునకు దగ్గరగా ఉన్న గ్రామములలో బోరు నీరు ఉప్పగా ఉండును. అట్టి నీటిలో కొన్ని చేపలు బ్రతికినను, కూరగాయలు ఎదగవు. పైగా తొట్టెలో నీరు తిరుగుచునే ఉండును. ఆవిరి అయిపోవునది నీరు మాత్రమే, ఉప్పు మిగిలిపోవును. ప్రతిదినము ఉప్పునీటితో నింపుచు పోయిన యెడల మూడు నెలలలో మడి అంచున తెల్లని పొర కట్టును. గోదావరి కాలువ నీరు మంచిదే గాని, వేసవిలో కాలువలు కట్టివేయుదురు. సార్వా కాలములో చేలమీద చల్లిన మందులు ఆ నీటిలో కలియుటయు కద్దు. కనుక తొట్టె పెట్టకముందే నీటిని భూసార పరీక్షా కేంద్రములో చూపించి లవణముల లెక్క తెలిసికొనవలెను. నీరు ఉప్పగా ఉన్న ఇంటివారు వాననీటిని నమ్ముకొనుట మేలు. వంద చదరపు అడుగుల ఇంటికప్పు మీద ఒక అంగుళము వాన పడిన సుమారు 235 లీటర్ల నీరు దొరకును. అందులో ఉప్పు ఉండదు.

గుంట ఉన్నవారు, లేనివారు

పెరటిలో గుంట గలవారు సిమెంటు తొట్టె కట్టుట అనవసరము. గట్టు చెదరకుండ చూచి, వేసవిలో నీరు నిలుచు లోతు తీసి, బొచ్చె, శీలావతి పిల్లలను కొద్దిగా వదలి, ఆ నీటినే గట్టుమీది కూరల మడికి తోడిన యెడల అక్వాపోనిక్సు ఫలములో ముఖ్యభాగము దక్కును. అడుగున చేరిన మెత్తని ఒండ్రు కొబ్బరి మొదళ్లకు మంచి ఎరువు. ఇండ్ల స్థలముల కొరకు గుంటలను పూడ్చివేయుచున్న ఈ రోజులలో, వేలు ఖర్చుపెట్టి ప్లాస్టికు గుంట కొనుట వింతగా ఉన్నది. గుంట ఉన్నవారు దానిని పూడ్చవద్దని నా మొదటి మనవి.

తొట్టె కావలసినది రెండు మూడు సెంట్ల ఇంటిస్థలము తప్ప భూమి లేనివారికి, పట్టణపు పెరడు గలవారికి, పెరటి మట్టి చవిటి అయినవారికి. వీరి కొరకే క్రింది వివరములు.

తొట్టె, మడి

అంగడిలో అమ్మజూపు ఖరీదైన పెట్టెలు అక్కరలేదు. నూతులకు వాడు సిమెంటు వరలు మన ఊళ్లలో దొరకును. 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గల వరలు మూడు పేర్చి, అడుగు వేసి అతికిన యెడల సుమారు వేయి లీటర్ల తొట్టె అగును. ఒక వర వరకు నేలలో పాతిన నీరు చల్లగా నిలుచును. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలను చూచిన లంక గ్రామములవారు మెరక చూచుకొని కట్టవలెను. కొత్త సిమెంటు నుండి సున్నము దిగి నీటిలో పి.హెచ్. అనబడు ఉదజని సూచికను పెంచును. రెండు మూడు వారములు నీరు నింపి పారబోయుచు ఆ సున్నమును వదలించవలెను. సూచిక 7 దగ్గర ఉండుట చేపకు, మొక్కకు, సూక్ష్మజీవికి కూడ అనుకూలము.

మడి 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగు లోతు చాలును. ముప్పాతిక అంగుళము నల్లరాతి కంకరను కడిగి పోయవలెను. గుల్లలు, సున్నపురాయి కలిసిన కంకర పనికిరాదు. ఈ మడిలో పట్టు కంకర ముప్పాతిక టన్నుకు పైగా బరువు ఉండును గనుక డాబా మీద పెట్టరాదు. నేలమీద ఇటుకల దిమ్మెలపై నిలుపవలెను. కొబ్బరి పీచు మనకు చౌక గదా, కంకరకు బదులు దానినే నింపుదమని కొందరికి తోచవచ్చును. తడిసిన పీచు కుళ్లుచు నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయును. పీచు నానవేయు గుంటల ప్రక్కన నడచినవారికి ఆ వాసన తెలియును.

నీటిని పైకి ఎత్తుటకు 25 వాట్ల చిన్న మోటారు చాలును. రేయింబవళ్లు నడిచినను నెలకు 18 యూనిట్లు. నీటి మట్టము కంకర పై అంచుకు రెండు అంగుళములు దిగువన ఉండవలెను. పైకి తేలిన పాచి పట్టును, దోమలు చేరును. నీరు మడిలోనికి పోవు చోట ఒక కుండలో వలగుడ్డ ఉంచి, చేపల మలమును అందులో ఆపి, వారమునకు ఒకసారి కడిగి, ఆ కడుగునీటిని అరటి మొదట పోయవలెను.

తొట్టెకు నీడ, మడికి ఎండ కావలెను. నీడ కొరకు కొబ్బరి చెట్టు క్రిందనే పెట్టిన యెడల కాయయో మట్టయో పడి పని పాడగును. తోట అంచున పెట్టి, తొట్టె పైన కొబ్బరి ఆకుల తడిక వేయుట మంచిది. చలిదేశమువాని గాజుఇంటికి బదులు మనకు ఈ తడికయే చాలును.

ఏ చేప? ఏ కూర?

పుస్తకములన్నియు మొదట తిలాపియా పేరు చెప్పును. 1952లో మన దేశమునకు తెచ్చిన ఆ చేప త్వరగా పిల్లలు పెట్టి చెరువులను ఆక్రమించినది. దాని మేలురకము పెంచుటకు సైతము ప్రభుత్వ నియమములు ఉన్నవి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకము మన దేశములో నిషేధము. ఈ రెండింటి జోలికి పోకుండుట మంచిది.

కరెంటు నమ్మకము లేని ఇంటికి తగినవి కొర్రమీను, మార్పు. ఇవి నీటిపైకి వచ్చి గాలిని పీల్చుకొనగలవు గనుక మోటారు ఆగినను వెంటనే చావవు. కొర్రమీను ఎగిరి దూకును, తనకంటె చిన్నదానిని తినును. కనుక తొట్టెపై వల కట్టి, ఒకే పరిమాణము గల పిల్లలను, గుళికల మేతకు అలవాటు పడినవానిని తేవలెను. శీలావతి కావలెననువారు చేపల సంఖ్య మరింత తగ్గించి, గాలి పంపుటకు బ్యాటరీ గల చిన్న యంత్రమును సిద్ధముగా ఉంచుకొనవలెను. మొదటి సంవత్సరము వేయి లీటర్లకు 15 నుండి 20 చేపలు మించరాదు. తక్కువ చేపలు వేయుటయే అన్నిటికంటె చౌకైన భద్రత.

ఆకుకూరల మడికి చదరపు మీటరుకు రోజుకు 40, 50 గ్రాముల మేత సరిపోవును. పైన చెప్పిన మడికి చేపలు ఎదిగిన పిదప 70 నుండి 85 గ్రాములు. పిల్లలుగా ఉన్నప్పుడు అవి పది నిమిషములలో తినివేయునంతయే వేయవలెను. చెరువులో వేయు తవుడు, చెక్క తొట్టెలో వేసిన నీరు చెడును. తేలు గుళికలే వాడవలెను. తోటకూర, గోంగూర, బచ్చలి, పొన్నగంటి, తూటికూర, పుదీనా సులభముగా వచ్చును. వంగ, టమాట, మిరప రెండవ సంవత్సరమునకు ఉంచుట మేలు. లేత ఆకులు ఈనెలు తప్ప పసుపు బారిన ఇనుము లోపమని గ్రహించి, నీటిలో కరుగు చిలేటెడ్ ఇనుము స్వల్పముగా వేయవలెను. పురుగుమందు మాత్రము చుక్క కూడ పడరాదు. పురుగును చేతితో ఏరి చేపకు వేయుటయే ఇక్కడి సస్యరక్షణ.

కార్తెల ప్రకారము

చలిదేశమువారు శీతకాలములో తొట్టెకు సెలవు ఇత్తురు, లేదా డబ్బు పోసి వేడి చేయుదురు. మనము ఎండకాలములో సెలవు ఇచ్చిన సరిపోవును. వానలలో తొట్టె నింపి, ఆగస్టులో నీరు తిప్పుట మొదలుపెట్టవలెను. రోజుకు చిటికెడు మేత వేసి, అది కుళ్లి అమోనియా పుట్టి, సూక్ష్మజీవులు నెలకొనువరకు వేచియుండవలెను. పరీక్ష సీసాలతో చూచినప్పుడు అమోనియా, నైట్రైటు తగ్గి నైట్రేటు కనిపించిన పిదప, సెప్టెంబరు చివర గాని అక్టోబరులో గాని పిల్లలను వదలవలెను. లంకలవారు వరదలు తీసిన పిదప ఆరంభించుట క్షేమము. చలికాలమంతయు కూర కోయుచు, మార్చి నుండి పెద్ద చేపలను ఒక్కొక్కటిగా తీసి వండుకొనవలెను. కాలువలు కట్టి, కృత్తిక, రోహిణి కార్తెలు వచ్చునప్పటికి తొట్టెలో చేపలు లేకుండుట, ఉన్నను నాలుగైదు మాత్రమే ఉండుట మంచిది. మిగిలిన నీరు కొబ్బరి మొలకలకు పోయవచ్చును. కంకర మాత్రము పూర్తిగా ఎండిపోకుండ అప్పుడప్పుడు తడుపుచుండవలెను.

ఉన్నమాట

20 చేపలు బ్రతికి ఒక్కొక్కటి పావుకిలో తూగిన అయిదు కిలోలు. అమలాపురము బజారులో అయిదు కిలోల చేపలు కొనుటకు ఇంత ఖర్చు కాదు. ఇది పులసను ఇంటికి తెచ్చు విద్య కాదు. లాభము చూపి తొట్టెలు అమ్మువారి మాట నమ్మరాదు. దీనిని వ్యాపారమని అప్పు చేసి పెట్టినవారు నష్టపోవుదురు.

మరి దీని ప్రయోజనమేమి? 2011 సార్వాలో గిట్టుబాటు లేదని పంట విరామము ప్రకటించిన నేల ఇది. చేను గలవాని పరిస్థితి అట్లున్నప్పుడు, చేను లేనివాని వంటయింటిని గురించి ఆలోచించువారు తక్కువ. మందు తగలని ఆకుకూర వారమునకు మూడు నాలుగు సారులు, నెలకు ఒకటి రెండు పూటల చేపల కూర, మడికి పారించు నీటిలో కొద్దిభాగముతోనే, చవిటి నేలపైన దొరకుట చిన్న మేలు కాదు. తల్లులు, పిల్లలు ఉన్న పేదయింటికి ఆ ఆకుకూర విలువ బజారు ధరతో తేలదు.

అధికారులకు మనవి

ఈ పనికి నిజమైన అడ్డంకి డబ్బు కాదు, చేప పిల్లలు. పిల్లలను వేలలెక్కన అమ్ముదురు. ఇంటికి కావలసినవి ఇరువది. గ్రామ సచివాలయములోని మత్స్య సహాయకులు ఊరిలో పదిమంది కోరికను ఒకచోట చేర్చి తెప్పించిన ఈ చిక్కు తీరును. రెండవది, ఇంటి నీటి లవణ పరీక్ష పల్లెలోనే జరుగు ఏర్పాటు. మూడవది, మండలమునకు ఒక పాఠశాలలో ఒక తొట్టె. కాకినాడలోని మత్స్య సాంకేతిక సంస్థవారు, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానమువారు కలిసి కోనసీమ నీటికి తగిన కొలతలు తేల్చి ఇచ్చిన మరింత మేలు. ఇన్ని తొట్టెలు కట్టవలెనని లక్ష్యములు మాత్రము పెట్టవద్దు. లెక్క కొరకు కట్టిన తొట్టె రెండవ ఏట దోమల తొట్టె అగును.

ఆసక్తి గలవారు ఈ వానలలో మూడు వరలు, ఒక మడితో మొదలుపెట్టి, ఒక ఏడాది మేత, నీరు, కూర, చేప లెక్కలు పుస్తకములో వ్రాయుదురు గాక. ఆ లెక్కలు చూచిన పిదపనే రెండవ తొట్టె మాట.